గణిత సమస్యా సాధనలో తొందరపాటు, విశ్లేషణ: ఆ అలవాట్లను కొలిచే పద్ధతులు

లెక్క చదవగానే మనసులో మెదిలిన మొదటి పద్ధతినే పట్టుకుని, అది ఇక్కడ పనికొస్తుందో లేదో చూడకుండా చేసుకుపోయే అలవాటు తొందరపాటు వైఖరి. ఇచ్చిన రాశులేమిటి, వాటి మధ్య సంబంధమేమిటి, అడుగుతున్నదేమిటి అని చూసుకున్నాకే పద్ధతిని ఎంచుకోవడం విశ్లేషణ వైఖరి. ఈ రెండూ తెలివికి పేర్లు కావు, వేగానికీ పేర్లు కావు. ఒకే విద్యార్థికి రెండు విధాలా పనిచేయడం చేతనవుతుంది. ఏ లెక్క ముందు ఎటువైపు మొగ్గుతాడన్నదే ప్రశ్న. ఆ మొగ్గును అంకెల్లో పట్టుకోవడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులూ గణిత విద్యా పరిశోధకులూ 1960ల నుంచి రకరకాల పరీక్షలు తయారుచేస్తూ వచ్చారు.

కొలవాల్సిందేమిటో తెలియాలంటే ముందు ఒక లెక్క చూడాలి. స్యూ, జూలీ గుండ్రటి ట్రాక్ మీద ఒకే వేగంతో పరుగెత్తుతున్నారు. స్యూ ముందుగా బయలుదేరింది. ఆమె 9 చుట్లు పూర్తిచేసేసరికి జూలీ 3 చుట్లు పూర్తిచేసింది. జూలీ 15 చుట్లు పూర్తిచేసే సమయానికి స్యూ ఎన్ని చుట్లు తిరిగి ఉంటుంది? కేథ్లీన్ క్రేమర్, థామస్ పోస్ట్, సారా క్యూరియర్ 1993లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, అమెరికాలో ప్రాథమిక పాఠశాల టీచర్లు కావడానికి శిక్షణ పొందుతున్న 33 మందికి ఈ లెక్క ఇస్తే 32 మంది అనుపాతం వేశారు. మూడుకు తొమ్మిదైతే పదిహేనుకు నలభై అయిదు! ఇద్దరి వేగం ఒకటే కాబట్టి వారి మధ్య 6 చుట్ల తేడా ఎప్పటికీ మారదు. జవాబు 21. ఆ 32 మందికీ గుణకారంలో పొరపాటు రాలేదు. మన పాత బళ్లలో త్రైరాశికం అని నేర్పిన పద్ధతిని వాళ్లు తప్పులేకుండా చేశారు. కాకపోతే అది త్రైరాశికం లెక్క కాదు. ఇక్కడ కొలవాల్సింది వాళ్ల గణిత జ్ఞానాన్ని కాదు, పద్ధతి తోచిన క్షణానికీ పెన్ను కదిలిన క్షణానికీ మధ్య ఏం జరిగిందన్నదాన్ని. అక్కడే ఈ కొలతల కష్టమంతా ఉంది, ఎందుకంటే ఆ మధ్యలో జరిగేది కాగితం మీద కనిపించదు.

తరగతి గదిలో కనిపించిన ఆనవాళ్లు

కొలిచే సాధనాలు రాకముందే ఈ అలవాటును గమనించినవారున్నారు. జార్జ్ పోల్యా 1945లో వెలువరించిన 'హౌ టు సాల్వ్ ఇట్' పుస్తకం సమస్యా సాధనను నాలుగు దశలుగా విడదీసింది: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. తొందరపడే విద్యార్థి మొదటి దశనూ చివరి దశనూ వదిలేసి నేరుగా మూడో దశలోకి దూకుతాడు.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ గణిత బోధనా పరిశోధన సంస్థ వారు 1980 ప్రాంతంలో ఒక ప్రశ్న వేశారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత? ప్రాథమిక తరగతుల పిల్లలు 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలనే కలిపో తీసో ఒక జవాబు రాశారు. దీన్ని తొందరపాటుకు ఉదాహరణగా చాలామంది చూపిస్తారు. నా మటుకు అలా ఒప్పుకోవడం కష్టం. బడిలో టీచరు ఇచ్చిన లెక్కకు జవాబు ఉండే తీరుతుందనీ, ఇచ్చిన అంకెలన్నీ వాడాలనీ ఆ పిల్లలు ఏళ్లతరబడి నేర్చుకున్నారు. 36 అని రాసిన పిల్లవాడు ఆలోచించకపోయి ఉండవచ్చు, ఆలోచించే టీచరు మాట నిలబెట్టి ఉండవచ్చు. ఒకే జవాబు వెనుక రెండు కారణాలున్నప్పుడు జవాబును మాత్రమే లెక్కపెట్టే పరీక్ష ఆ రెంటినీ వేరుచేయలేదు.

అమెరికా జాతీయ విద్యా మూల్యాంకనంలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన బస్సు లెక్క ఇంకొంచెం స్పష్టంగా మాట్లాడుతుంది. 1,128 మంది సైనికులున్నారు, ఒక్కో బస్సులో 36 మంది పడతారు, ఎన్ని బస్సులు కావాలి? 1983లో వెలువడిన విశ్లేషణ ప్రకారం దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగానే చేశారు. వారిలో 32 బస్సులని రాసినవారు మొత్తం పిల్లల్లో 23 శాతమే. 29 శాతం మంది '31, శేషం 12' అని రాశారు, 18 శాతం మంది 31తో సరిపెట్టారు. 12 మంది సైనికులను రోడ్డు మీద వదిలేసిన ఈ జవాబుల్లో లోపించింది పోల్యా చెప్పిన నాలుగో దశ. తొందరపాటు లెక్క మొదట్లోనే కాదు, చివరా ఉంటుందని ఈ అంకెలు చెబుతున్నాయి. తర్వాత వచ్చిన సాధనాల్లో చాలావరకు మొదటి అడుగునే పట్టించుకున్నాయి, చివరి అడుగును వదిలేశాయి.

బొమ్మల పరీక్ష, గడియారం

ఈ రంగంలో మొదటి ప్రసిద్ధ సాధనంలో లెక్కలే లేవు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్, ఆయన సహచరులు 1964లో పిల్లల కోసం ఒక బొమ్మల పోలిక పరీక్షను పరిచయం చేశారు. పైన ఒక బొమ్మ ఉంటుంది, కింద అచ్చం దానిలాగే అనిపించే ఆరు బొమ్మలుంటాయి. వాటిలో ఒక్కటే పై బొమ్మకు పూర్తిగా సరిపోతుంది, మిగతా వాటిలో చిన్న చిన్న తేడాలుంటాయి. ఇలాంటివి 12. మొదటి జవాబు చెప్పడానికి పట్టిన సమయం, చేసిన తప్పుల సంఖ్య, ఈ రెండే కొలతలు.

రెండు కొలతలకూ మధ్యగతం దగ్గర గీత గీస్తే పిల్లలు నాలుగు గుంపులవుతారు. త్వరగా చెప్పి ఎక్కువ తప్పులు చేసేవారు తొందరపాటు గుంపు. నింపాదిగా చూసి తక్కువ తప్పులు చేసేవారు ఆలోచనాపరుల గుంపు. త్వరగా, సరిగా చెప్పేవారు మూడో గుంపు, నెమ్మదిగా చెప్పీ తప్పులు చేసేవారు నాలుగో గుంపు. చాలా అధ్యయనాలు ఈ చివరి రెండు గుంపులనూ పక్కనపెట్టి మొదటి రెండింటినే పోల్చాయి. ఇది చిన్న లోపం కాదు. చురుగ్గా, సరిగా చేసే పిల్లా, నింపాదిగా ఆలోచించీ తప్పుచేసే పిల్లా ఎక్కడికి పోవాలి? వేగమే తొందరపాటు కాదని చెప్పడానికి సాక్ష్యం వాళ్లే.

1974లో జాక్ బ్లాక్, జీన్ బ్లాక్, డేవిడ్ హారింగ్టన్ ఈ పరీక్ష మీద గట్టి విమర్శ రాశారు. తప్పుల సంఖ్యను లెక్కలో కలిపితే తొందరపాటుతో పాటు సామర్థ్య లోపం కూడా అందులో చేరిపోతుందన్నది వారి వాదనలో ముఖ్యాంశం. నీల్ సాల్కిండ్, జాన్ రైట్ 1977లో గుంపులుగా విడదీయడం మానేసి, తప్పులనూ సమయాన్నీ ప్రామాణిక అంకెలుగా మార్చి రెండు సూచికలు కట్టారు. తప్పుల అంకెలోంచి సమయం అంకెను తీసేస్తే తొందరపాటు సూచిక, రెండూ కలిపితే సామర్థ్య సూచిక. దీనితో ఏ పిల్లవాడినీ పారేయాల్సిన అవసరం లేకుండా పోయింది. మరుసటి ఏడాది ఎడ్ కెయిన్స్, టామీ కామాక్ బొమ్మల సంఖ్యను 20కి పెంచి పరీక్ష విశ్వసనీయతను మెరుగుపరిచారు. అయినా బొమ్మల్లో తేడాలు వెతికే ఓపికకూ, అసమీకరణం ముందు ఆగి చూసే ఓపికకూ మధ్య దూరం చాలా ఉంది. పుస్తకాల షాపులో గంటసేపు నిలబడి ఎంచుకునే మనిషి కూరగాయల దగ్గర తొందరపడవచ్చు.

మూడు ప్రశ్నల పరీక్ష

2005లో షేన్ ఫ్రెడరిక్ మూడే మూడు చిన్న లెక్కలతో ఒక పరీక్ష ప్రకటించారు. వాటిలో అందరికీ తెలిసినదాన్ని రూపాయల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బ్యాటు ధర బంతి ధర కన్నా 100 రూపాయలు ఎక్కువ. బంతి ధర ఎంత? నోటికి వచ్చేది 10. అసలు జవాబు 5. ఈ పరీక్ష కిటుకంతా ఇక్కడే ఉంది. ప్రతి లెక్కకూ తప్పు జవాబు ఒకటి ముందే ఎదురొచ్చి నిలబడుతుంది. దాన్ని పక్కకు నెట్టినవాడికే మార్కు.

ఫ్రెడరిక్ నివేదికలో 3,428 మంది ఉన్నారు. మూడింటికి సగటు 1.24 మాత్రమే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థుల సగటు కూడా 2.18 దాటలేదు. మొత్తం మీద మూడో వంతు మంది ఒక్క లెక్కా సరిగా చేయలేదు. పరీక్ష చిన్నది, ఖర్చులేనిది, ఫలితం కొట్టొచ్చినట్టు కనిపించేది. అందుకే కొన్నేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ 2000లో చెప్పిన రెండు వ్యవస్థల సిద్ధాంతాన్ని, అంటే ప్రయత్నం లేకుండా తోచే ఆలోచన ఒకటి, పనిగట్టుకుని చేసే ఆలోచన ఒకటి అన్న విభజనను, ఈ లెక్కలు చూడచక్కగా బొమ్మకట్టాయి. డేనియల్ కానెమన్ 2011 పుస్తకం ఆ విభజనను సామాన్య పాఠకుల దగ్గరికి చేర్చింది. గణిత విద్యలో ఉరి లెరన్, ఓరిట్ హజాన్ అదే సిద్ధాంతంతో విద్యార్థుల తప్పులను వివరించారు.

కానీ ఈ పరీక్ష కొలిచేది ఆగి ఆలోచించే అలవాటునేనా? మిరోస్లావ్ సిరోటా వంటి పరిశోధకులు, అలెక్సాండర్ సినాయెవ్, ఎలెన్ పీటర్స్ ఈ అనుమానాన్ని గట్టిగా లేవనెత్తారు. సినాయెవ్, పీటర్స్ 2015 అధ్యయనంలో, పరీక్ష ఫలితానికీ మంచి నిర్ణయాలకూ ఉన్న సంబంధాన్ని లెక్కల్లో నేర్పే ఎక్కువగా వివరించింది. బర్నబాస్ సాసీ, ఆయన సహచరులు 2017లో విద్యార్థుల చేత పైకి మాట్లాడుతూ లెక్క చేయించారు. సరైన జవాబు చెప్పినవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా సందర్భాల్లో తప్పు జవాబు అసలు తలెత్తనే లేదు. మొదటి నుంచీ సరైన దారిలోనే నడిచారు. అంటే మూడుకు మూడు తెచ్చుకున్న వ్యక్తి తన తొందరను అదుపు చేసుకున్నాడని ప్రతిసారీ అనలేం. లెక్కల సాధనతో అతనికి మొదట తోచేదే సరైనదై ఉండవచ్చు. నిపుణుడి మొదటి ఆలోచన నమ్మదగినదే కావచ్చు. ఆ ఆలోచనను అతను తొందరపాటుతో కాదు, అనుభవంతో నమ్ముతాడు.

ఇలాంటి లెక్కలు తెలుగులోకి తెచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఇంగ్లిష్ వాక్యంలో 'ఒక డాలరు' అన్న అంకె ముందొచ్చి, 'బంతి కన్నా ఎక్కువ' అన్నది తర్వాత వస్తుంది. తొందరపడే మనసు అంకె దగ్గరే ఆగిపోవడానికి అక్కడ వీలుంది. తెలుగులో 'బంతి ధర కన్నా' అన్న పోలిక ముందే వినిపిస్తుంది, అంకె తర్వాత వస్తుంది. వాక్య నిర్మాణం మారితే వల పట్టు కూడా మారవచ్చు. అందుకని ఇంగ్లిష్ పరీక్ష సగటులను తెలుగు మాధ్యమ విద్యార్థుల మార్కుల పక్కన పెట్టి పోల్చకూడదు. ముందు తెలుగు రూపాన్ని విడిగా పరీక్షించి చూసుకోవాలి.

చూపు ఎటు వెళ్లింది

మేరీ హెగార్టీ, రిచర్డ్ మేయర్, క్రిస్టొఫర్ మాంక్ 1995లోనే, జవాబు వెనుక ఆలోచన కనిపించదన్న చిక్కును కళ్ల కదలికలతో విప్పే ప్రయత్నం చేశారు. ఒక దుకాణంలో వెన్న ధర ఇంత, ఇది పక్క దుకాణం ధర కన్నా ఇంత తక్కువ, పక్క దుకాణంలో కొంటే ఎంతవుతుంది అన్న తరహా లెక్కలు ఇచ్చారు. 'తక్కువ' అన్న మాట వినగానే తీసివేతకు చేయి పోతుంది, కావాల్సింది మాత్రం కూడిక. తప్పులు ఎక్కువగా చేసేవారి చూపు మళ్లీ మళ్లీ అంకెల మీదా, 'తక్కువ', 'ఎక్కువ' లాంటి మాటల మీదా వాలింది. సరిగా చేసేవారి చూపు ఏ ధర ఎవరిదో చెప్పే పేర్ల దగ్గరికి వెనక్కి వెళ్లింది. మొదటివారు మాటలను నేరుగా గుర్తులుగా మారుస్తున్నారు, రెండోవారు మనసులో సంఘటనను కడుతున్నారు.

ఈ పద్ధతి నాకు అన్నింటికన్నా నిజాయితీగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇది విద్యార్థి చెప్పుకునేదాన్నీ, చివరి జవాబునూ వదిలి, అతను చేసిన పనినే చూస్తుంది. మన బళ్లలో 'మొత్తం అంటే కూడండి, మిగిలినవి అంటే తీసేయండి' అని మాటలకు గుర్తులు నేర్పే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ కిటుకు సులువు లెక్కల్లో మార్కులు తెస్తుంది. 'తన దగ్గర ఉన్నవాటిలో 7 ఇచ్చేశాక రాజు దగ్గర 12 మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి' అనగానే బోల్తా కొడుతుంది. పిల్లవాడి తొందరపాటులో కొంత పాఠం నేర్పినదే.

ఏం చేస్తావని అడగడం

అలవాటును కొలవాలంటే అలవాటు గురించే అడగవచ్చు కదా అన్న ఆలోచన నుంచి మరో రకం సాధనం పుట్టింది. సాధారణ జీవితంలో తొందరపాటు గురించి అడిగే 30 ప్రశ్నల బరాట్ ప్రశ్నావళి, ఆలోచించడంలో ఇష్టం ఎంతో అడిగే జాన్ కసియోప్పో, రిచర్డ్ పెట్టీల 1982 ప్రశ్నావళి అంతకుముందే ఉన్నాయి. అవేవీ గణితం గురించి అడగవు.

ఎల్ పాసోలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో గణిత విద్యా పరిశోధకులు కియెన్ లిమ్ ఈ లోటు తీర్చడానికి పూనుకున్నారు. 2006 నాటి తన డాక్టరేట్ పరిశోధనలో బీజగణిత సమీకరణాలు, అసమీకరణాలు చేసే విద్యార్థుల ముందస్తు ఊహలను ఆయన దగ్గరగా గమనించారు. లెక్క చూడగానే తోచిన పనిలోకి దిగిపోయే ఊహ ఒక రకం, లెక్కను విప్పి చూసి లక్ష్యాన్ని బట్టి వేసే ఊహ ఇంకో రకం. ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త ఓస్వాల్డో మొరేరా, గణిత విద్యా పరిశోధకులు మురాత్ చొషానోవ్‌లతో కలిసి, ఒక సందర్భం చెప్పి 'నువ్విలా చేసే అవకాశం ఎంత' అని అడిగే ప్రశ్నావళిని రూపొందించారు. దీని గురించిన పత్రం 2009లో వచ్చింది. తొందరపాటుకూ విశ్లేషణకూ ఇందులో వేర్వేరు అంకెలు వస్తాయి. రెండింటినీ ఒకే కొలబద్దకు రెండు చివరలుగా చూడలేదు. ఈ నిర్ణయం సరైనదే, ఎందుకంటే ఒకచోట దూకి మరోచోట ఆగే మనిషి నిజంగానే ఉంటాడు.

ఈ తరహా ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మూడు అంకెలిచ్చి నాలుగోది అడిగిన లెక్క చూడగానే అడ్డగుణకారం మొదలుపెడతానన్నది ఒక వాక్యం. రెండు రాశులూ నిజంగా ఒకే నిష్పత్తిలో మారుతున్నాయా అని ముందు చూసుకుంటానన్నది మరో వాక్యం. రెండింటికీ విద్యార్థి తన మొగ్గును అంకె వేసి చెప్పాలి. లెక్క చేయనవసరం లేదు కాబట్టి గణిత జ్ఞానం తక్కువున్నవాడు కూడా తన అలవాటును చెప్పుకోవచ్చు. ఇది ఈ సాధనం బలం. కానీ మంచి విద్యార్థి ఏం చెప్పాలో అందరికీ తెలుసు. 'నిదానమే ప్రధానం' వింటూ పెరిగిన పిల్లవాడు రెండో వాక్యానికే ఎక్కువ అంకె వేస్తాడు, చేతలో ఏం చేసినా. పైగా తొందరపడేవాడికి తాను తొందరపడుతున్నట్టు తెలిసే అవకాశం తక్కువ. అందుకే ఇలాంటి ప్రశ్నావళి అంకెలను ముఖాముఖిలో అడిగి తెలుసుకున్నదానితోనూ, లెక్క చేస్తుండగా చూసినదానితోనూ సరిచూసుకోవాలి. స్యూ, జూలీల లాంటి అనుపాతం కాని లెక్కలను అనుపాత లెక్కల మధ్య కలిపి ఇస్తే, చెప్పినదానికీ చేసినదానికీ ఉన్న దూరం బయటపడుతుంది.

సమయం అనే చిక్కు

దాదాపు ప్రతి సాధనమూ ఎక్కడో ఒకచోట సమయం మీద ఆధారపడుతుంది. సమయానికి ఒకే అర్థం ఉండదు. స్టీవెన్ వైజ్, షియావోజింగ్ కాంగ్ 2005లో కంప్యూటర్ పరీక్షల్లో చదవడానికైనా చాలనంత తక్కువ సమయంలో వచ్చిన జవాబులను వేరుచేసి, అవి ఆసక్తి లేక వేసిన గురిలేని బాణాలని చూపారు. అలాంటి జవాబును తొందరపాటు కింద జమ చేయడం తప్పు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులకు ఈ విషయం పుస్తకాల్లోది కాదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 3 గంటల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితం. ఒక్కో ప్రశ్నకు సగటున 67 సెకన్లు చిల్లర. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఈ నియమాల కింద తోచిన జవాబు పెట్టి ముందుకు పోవడం మంచి వ్యూహమే. ఆ పరీక్షకు రెండేళ్లు సాధన చేసిన విద్యార్థి ఏ కొలతలోనైనా తొందరపాటు వైపు కనిపిస్తే, అతని స్వభావంతో పాటు అతను కూర్చున్న గది గోడ గడియారం కూడా ఆ అంకెలో ఉన్నట్టే. అలాంటి విద్యార్థి గురించి ఏదైనా చెప్పాలంటే గడువు పెట్టి ఒకసారి, గడువు లేకుండా ఒకసారి కొలవాలి. రెండింటి మధ్య తేడా పెద్దదైతే అది పరీక్ష నేర్పిన వేగం. గడువు తీసేసినా మారకపోతే అది అలవాటు.

మారుతుందా?

అలవాటును కొలవడం వల్ల వచ్చే లాభమేమిటన్న ప్రశ్నకు గణిత విద్యా పరిశోధకుడు అలన్ షోన్‌ఫెల్డ్ వీడియోలు సమాధానం చెబుతాయి. కాలేజీ, హైస్కూలు విద్యార్థులు కొత్త లెక్కలు చేస్తుండగా తీసిన వందకు పైగా వీడియోలను ఆయన నిమిషాలవారీగా విడదీశారు. చదవడం, విశ్లేషించడం, వెతుకులాడడం, పథకం వేయడం, అమలు చేయడం, సరిచూడడం, వీటిలో దేనికి ఎంత సమయం పోయిందో గీతలుగా గీశారు. దాదాపు 60 శాతం ప్రయత్నాల్లో విద్యార్థులు చదివారు, వెంటనే ఒక దారి పట్టారు, చివరిదాకా దాన్ని వదల్లేదు. తనకు పరిచయం లేని లెక్కను చేసిన ఒక గణిత శాస్త్రజ్ఞుడి గీత దానికి పూర్తిగా వేరుగా ఉంది. అందులో సగానికి పైగా సమయం విశ్లేషణకే పోయింది. దారులు పట్టీ వదిలీ చివరికి అతను సాధించాడు.

తాను నేర్పిన సమస్యా సాధన కోర్సులో షోన్‌ఫెల్డ్ విద్యార్థుల గుంపుల మధ్య తిరుగుతూ మూడు ప్రశ్నలు వేసేవారు. సరిగ్గా ఏం చేస్తున్నారు? ఎందుకు చేస్తున్నారు? ఇది మీకెలా పనికొస్తుంది? మొదట్లో విద్యార్థులకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నలు ఎలాగూ వస్తాయని తెలిశాక వాళ్లే ముందుగా వాటిని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కోర్సు ముగిసేనాటికి తీసిన వీడియోల్లో దూకి చేసిన ప్రయత్నాలు 20 శాతం లోపుకు దిగాయి, సాధించిన లెక్కలు పెరిగాయి.